అమ్మ దుద్దులు కడిగింది ఎవరంటే

ఈ రోజు హనుమాన్ జంక్షన్‌లో మధ్యాహ్నం పెళ్ళి. అమ్మ పోయాక నాకు వచ్చిన ఏడురాళ్ళ వజ్రాల దుద్దులు మొదటిసారి పెట్టుకుందామని తీస్తే, మసకబారి ఉన్నాయి. ఎలా కడగాలో ఫోన్లో చూసి, సింకు దగ్గర సబ్బునీళ్ళు కలుపుతున్నాను. నాన్న పేపరు మడిచి వంటింట్లోకి వచ్చారు. ఆయనకి ఎనభై దాటాయి. నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసిన మనిషి.

"సింకులో వద్దమ్మా. రాయి ఊడితే నీళ్ళతో పోద్ది. గిన్నెలో గోరువెచ్చని కుంకుడు రసం తీసుకురా."

"మీకెలా తెలుసు నాన్నా?"

"మీ అమ్మవి ఏటా నేనే కడిగేవాణ్ణి. కాయల సీజన్ అయ్యి, నా చేతులకి సొన మరకలు పోయాక."

ఇన్నేళ్ళలో ఆ సంగతి నాకు తెలియనే తెలియదు. నాన్న మెత్తటి పాత బ్రష్‌తో రాళ్ళ వెనకవైపు నెమ్మదిగా రుద్దారు. గిన్నె నేను పట్టుకున్నాను. పసుపు, కొబ్బరినూనె కలిసిన జిడ్డు వదిలింది. అది అమ్మ ఒంటిదే. ఆ నీళ్ళు పారబోయడానికి మనసు రాలేదు.

మెత్తటి గుడ్డతో అద్దాక, "చెవి ఇటు పెట్టు" అన్నారు. సీలలు బిగించడానికి పది నిమిషాలు పట్టింది.

"మీ అమ్మ అద్దం చూసుకునేది కాదు. సరిగ్గా ఉన్నాయా అని నన్నే అడిగేది."

నేనూ అడిగాను. ఆయన చాలాసేపు చూసి, "ఎడమది కాస్త తిరిగిందమ్మా" అని మళ్ళీ చెయ్యి చాపారు.

పెళ్ళిలో మాకు ఆఖరి బంతి భోజనమే దొరికింది. మీ ఇంట్లో అమ్మ నగలు ఎవరు కడిగేవారు? ఒకసారి నాన్నని కూడా అడిగి చెప్పండి.