రంగుల తాత ఎడమ కాలు

ఆ రోజుల్లో, అంటే డెబ్బైల చివర్లో, స్కేలు పెట్టి కొలవలేనిది ఈ లోకంలో ఏదీ లేదని నాకు గట్టి నమ్మకం. బీఎస్సీ పాసై, ఇంట్లో సంబంధాలు చూడడం మొదలైన ఏడాది అది. ఆదోనిలో చర్మరోగాల డాక్టరైన మా మేనమామ నన్ను చూసి జాలిపడి (నా మీద కాదు, రోజంతా నా వాదనలు భరిస్తున్న మా అమ్మ మీద) తన ఆసుపత్రిలో చిన్న పని ఇచ్చాడు. మామకు మందుల కంపెనీ మనుషుల మాట మీద నమ్మకం తక్కువ. "రాసి చూడందే రాయను" అనేవాడు. ముందు రాసేది ఒంటికి, తర్వాత రాసేది చీటీ మీద. ఆ ఏడాది ఒకాయన కాలిగోళ్ల బూజుకు కొత్త మందని చెప్పి, నీళ్లలాంటి ద్రవం ఉన్న సీసాలు రెండు పెట్టెలు ఇచ్చిపోయాడు. దాని సంగతేమిటో తేల్చే పని మామ నాకు అప్పగించాడు.

ఎమ్మిగనూరులో నూలుకు రంగులద్దేవాళ్లు పొద్దస్తమానం తడిలో నిలబడతారు. గోళ్లు పసుపుపచ్చగా మందంగా అయిపోయి, పొడిపొడిగా రాలుతుంటాయి. అక్కడ ఎనిమిది మందిని ఎంచుకున్నాం. రోజూ కుడి బొటనవేలి గోటిని ఆకురాయితో కాస్త అరగదీసి మందు రాసుకోవాలి, ఎడమ దాన్ని ముట్టుకోకూడదు. ఆర్నెల్ల తర్వాత రెంటినీ పోల్చి చూడాలి. రెండు వారాలకొకసారి శనివారం నేను బస్సెక్కి వెళ్లి, మొదలు నుంచి మంచి గోరు ఎంత పెరిగిందో కొలిచి నోటుబుక్కులో రాసుకోవాలి. పెళ్లిచూపుల్లో పిల్ల కాళ్లు వాళ్లు చూడాలి గానీ, పిల్లే ఊరిమీద పడి మగవాళ్ల కాళ్లు చూస్తూ తిరగడమేమిటని మా అవ్వ వారం రోజులు అన్నం సరిగా తినలేదు.

ఆ ఎనిమిది మందిలో పెద్దవాడు రంగుల తాత. మోచేతుల దాకా నీలం పట్టి ఉండేవాడు. ఆయన్ని వీధంతా తాత అనీ, ఆయన భార్యను దాదీ అనీ పిలిచేవారు. కుడి కాలికే రాయాలని నేను మూడోసారి చెప్పినప్పుడు తాత తన పాదాల వంక చాలాసేపు చూశాడు.

"ఎడమ కాలు ఏం తప్పు సేసింది పాపా?"

తప్పు కాదు తాతా, పోల్చి చూడాలి కదా అని నేను పావుగంట ఉపన్యాసం ఇచ్చాను. ఆయన ఓపిగ్గా విని, ఈ లెక్కన శుక్రవారం నమాజుకు ఎడమ కాలి పక్కన ఎవరూ లేకుండా తాను వరుసలో ఎడమ చివర నిలబడాలన్నాడు. నమాజులో పక్కవాడి పాదం పక్కనే మన పాదం ఉంటుందట. తన గోళ్లు చూసి ఎవరైనా జరుగుతారేమోనని రెండేళ్లుగా వెనక వరుసలో, గోడ వారగా నిలబడుతున్నాడట. ఇది చెప్పి నవ్వాడు. నేనూ నవ్వి, "మతసంబంధమైన ఇబ్బంది" అని నోటుబుక్కులో రాసుకున్నాను (నా తెలివి అలా ఏడ్చింది).

రెండు నెలలు తిరిగేసరికి నా పరీక్షకు పురుగు పట్టింది. ఒకాయన మందును మెడ మీద తామరకు రాసుకుని బ్రహ్మాండంగా పనిచేసిందని మెచ్చుకున్నాడు. ఒకాయన సీసాను ఇంటిల్లిపాదికీ పంచాడు. ఇంకొకాయనకు ఏ కాలో గుర్తుండక, అనుమానం వచ్చినప్పుడల్లా కాలు మార్చాడు. ఇద్దరు పత్తి పనులకని కౌతాళం వైపు వెళ్లి సీసాలు అక్కడే మరిచిపోయారు. మిగతా ఇద్దరు నన్ను చూడగానే కాళ్లు తొట్టి వెనక దాచుకునేవారు. అలా ఎనిమిది మందితో మొదలైన పరీక్ష చివరికి ఒక్క తాత రెండు కాళ్ల మీద నిలబడింది.

తాత మాత్రం నిక్కచ్చి మనిషి. ఒక్కరోజు తప్పలేదు, ఎడమ కాలికి ఒక్క చుక్క తగలనివ్వలేదు. కుడి గోరు మొదట్లో గులాబీరంగు నెలవంక కనబడిన రోజు నాకు బస్సులో కాలు నిలవలేదు. నెల తర్వాత ఎడమ గోటికి కూడా అలాంటి నెలవంకే కనబడింది. తాతను అడిగితే, "కుడిదాన్ని జూసి నేర్సుకుంటాంది పాపా" అన్నాడు. సీసాలు మామ చెప్పిన దానికంటే రెండింతలు తొందరగా అయిపోతున్నాయి. ఎమ్మిగనూరు ఎండకు మందు ఆవిరైపోతోందని రాసుకున్నాను.

ఆర్నెల్లకు లెక్క తేలింది. కుడి గోరు ఏడు మిల్లీమీటర్లు, ఎడమ గోరు ఆరున్నర. రాసినా రాయకపోయినా ఒకటే అయితే మందు గొప్పేమీ లేదు, ఎండలకు తడి తగ్గి గోళ్లే బాగుపడ్డాయి అని నేను తీర్మానించాను. మామ నోటుబుక్కు తిరగేసి తలూపి, మిగిలిన సీసాలు తిప్పి పంపించేయమన్నాడు. ఇక మందు లేదని చెప్పడానికి నేనే వెళ్లాను. తాత, డాక్టరు చెప్తే అంతేలే అని, ఖాళీ సీసా కడిగి నా చేతికిచ్చి, నూలు కట్టలు భుజాన వేసుకుని పనికి వెళ్లిపోయాడు.

ఆయన వీధి మలుపు తిరిగేదాకా చూసి, దాదీ నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది.

"పాపా, ఒక మాట సెప్తా, కోపం సేసుకోగూడదు. ఎడమ కాలికి నేనే పూసినా."

మధ్యాహ్నం అన్నం తిని తాత కునుకు తీసినప్పుడు, అగ్గిపుల్లకు దూది చుట్టి రోజూ పూసేదట. గోరు మొద్దుబారిపోవడంతో ఆయనకు తెలిసేది కాదట. ఎందుకు చేశావని అడిగాను. నా గొంతు బాగానే లేచి ఉండాలి, ఆమె తలుపు దగ్గరికి వేసింది.

"ఎడమ సివర నిలబడతా అన్యాడు గదా నీతో. నగుతా అన్యాడు గానీ, నగేటోడు మొగం అట్ల తిప్పుకోడు పాపా." తలుపు వంక చూసి, నెమ్మదిగా అంది. "ఇంగొకటి. రెండు కాళ్లూ బాగైతే నీకు పరీచ్చలో మార్కులు ఎక్కువ పడతాయి అనుకొంటి. నా వల్ల ఫెయిలయితివా ఏమి?"

ఆర్నెల్లుగా ఆమె దాన్ని నా కాలేజీ పరీక్ష అనుకుంటోంది. నేను ఓదార్చవలసిన చోట, ఇరవై ఒక్క ఏళ్ల పొగరుతో, "ఫెయిలైనట్టే" అని చెప్పి వచ్చేశాను. బస్సులో ఏడ్చాను. ఎందుకని అడిగితే సైన్సు కోసమని చెప్పి ఉండేదాన్ని.

మామ అంతా విని కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. ఒక్క మనిషితో ఏ మందూ రుజువు కాదు గానీ, రాసిన రెండు గోళ్లూ బాగుపడ్డాయన్న మాట కూడా పారేసేది కాదు అన్నాడు. సీసాలు తిప్పి పంపలేదు. తాతకు రెండు కాళ్లకూ రాయమని కబురు చేసి, మళ్లీ పరీక్ష మొదలుపెడితే ఈసారి భార్య లేనివాళ్లను వెతకమన్నాడు. నేను మాత్రం ఎమ్మిగనూరు మొహం చూడలేకపోయాను. ఏదో ఒక సాకు చెప్పి, సీసాలు బస్సు కండక్టరు చేతికిచ్చి పంపేదాన్ని.

మళ్లీ వెళ్లింది మరుసటి ఏడాది, నా పెళ్లి పత్రిక ఇవ్వడానికి. తాత గడపలోనే రెండు కాళ్లూ చాపి చూపించాడు. చివర కాస్త పసుపు తప్ప గోళ్లు శుభ్రంగా ఉన్నాయి. రెండు నెలలుగా ముందు వరుసలో, నడిమధ్య నిలబడుతున్నానని గొప్పగా చెప్పాడు. దాదీ చేసిన పని ఆయనకు ఎప్పుడో తెలిసిపోయింది. ఆదోని నుంచి ఎవరు వచ్చినా, డాక్టరు మేనకోడలు పాసయిందా అని దాదీ అడుగుతూనే ఉందని ఆయనే చెప్పాడు.

దాదీ పత్రిక అందుకుంది గానీ విప్పలేదు. నా మొహమే చూస్తోంది.

"పాసయినా దాదీ," అన్నాను. "నూటికి తొంభై."

ఆమె పత్రికను గుండెకు ఆనించుకుంది. అంతలోనే నుదురు ముడిపడింది.

"ఆ పది యాడ పోయినాయి? నా వల్లనేనా?"

అర మిల్లీమీటరు కోసం ఒకే గోటిని మూడుసార్లు కొలిచిన నేను, లేదు దాదీ, తప్పు చెప్పినా, నూటికి నూరు అన్నాను. ఆమె లోపలికి వెళ్లి చక్కెర డబ్బా తెచ్చి, నీలం పట్టిన వేళ్లతో నా నోట్లో గుప్పెడు పోసింది. నోరు నిండా చక్కెరతో బస్సు కోసం పరుగెత్తిన ఆ పిల్ల తలపుకొస్తే ఇప్పుడు నాకు నవ్వొస్తుంది. ఆ మార్కులే ఆ పిల్ల తెలిసి చెప్పిన మొదటి తప్పుడు లెక్క. దిద్దాలని ఆ పిల్లకూ అనిపించలేదు, ఇన్నేళ్లలో నాకూ అనిపించలేదు.