అద్దాల గోడకు నేను పెట్టిన చెవి

2011లో, తెలంగాణ ఉద్యమం జోరుగా సాగుతున్న రోజుల్లో, నేను మాదాపూర్‌లోని ఒక ఐటీ కంపెనీ భవనానికి ఫెసిలిటీస్ మేనేజర్‌ని. హోదా పేరు ఘనంగానే ఉంటుంది. పని మాత్రం లిఫ్టులు, ఏసీలు, జనరేటర్లు, కుళాయిలు, కాపలా. ఏది ఆగినా ముందు నన్నే తిడతారు. నా పైన అడ్మిన్ హెడ్, కింద ఎలక్ట్రీషియన్లు, కాంట్రాక్టు సెక్యూరిటీ వాళ్లు.

మాది తెనాలి. సోల్డరింగ్ పిచ్చి కుర్రతనం నుంచీ ఉంది. సెలవు దొరికితే కోఠీ వెళ్లి పాత బోర్డులు, రిలేలు ఏరుకొచ్చేవాణ్ని. "ఇల్లా, పాతసామాన్ల కొట్టా అండీ ఇది?" అని మా ఆవిడ సణిగేది.

బంద్ అంటే చాలు, అద్దాల భవనాల వాళ్లందరికీ రాళ్ల భయం. ముందువైపు అద్దాలకు అలారం పెట్టించాలని అడ్మిన్ హెడ్ అన్నారు. అలారాలు చేసే కంపెనీ నుంచి సరుకు రావడానికి చాలా రోజులు పట్టేట్టుంది. "నేనుండగా బయటివాళ్లెందుకు సార్?" అన్నాను. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

చప్పట్లు కొడితే లైటు వెలిగే సర్క్యూట్ ఒకటుంది. ఈ పిచ్చి ఉన్న ప్రతివాడూ మొదట చేసేది అదే. చిన్న మైకు, రెండు ట్రాన్సిస్టర్లు, ఒక టైమర్ ఐసీ, చివర రిలే, అంటే కరెంటు అందితే తనంతట తానే పడే స్విచ్. నేను లైటు తీసేసి సైరన్ తగిలించాను. పాత సెల్‌ఫోన్ విప్పి, దాని స్పీడ్ డయల్ బటన్‌ను కూడా తీగలతో రిలేకి కలిపాను. రిలే పడితే సైరన్ మోగుతుంది, గేటు బయటున్న పోలీసు పికెట్ ఎస్సైకి ఫోన్ వెళ్తుంది. తలుపు ధడాల్న పడ్డా మోగితే నవ్వులపాలవుతాం కదా! అందుకని వెంటవెంటనే చాలా చప్పుళ్లు వినబడితేనే రిలే పడేట్టు మార్చాను. జనం రాళ్లేస్తే ఒక్కటే వెయ్యరని నా లెక్క. టెర్రస్ మీద పాత అద్దాలు నిలబెట్టి, రాళ్లు విసిరి చూశాను. బ్రహ్మాండంగా మోగింది. అంతా ఒక పెట్టెలో సర్ది ముందువైపు అద్దాల గోడకు బిగించాను. అడ్మిన్ హెడ్ భుజం తట్టారు, నేను కాలరెగరేశాను.

ఆ బతుకమ్మ పండగకే పేరోల్ విభాగం టీమ్ లీడ్ సుజాత, ఆఫీసు ఆవరణలో ఆడుకుంటామని అనుమతి అడిగింది. ఆమెది సిద్దిపేట. మా భవనంలో న్యూ ఇయర్ కేకులు కోశారు, దీపావళికి ముగ్గులు పెట్టారు. బతుకమ్మ మాత్రం ఎన్నడూ ఆడలేదు. ఉద్యమం రోజులు కావడంతో అడ్మిన్ హెడ్ జంకారు.

"జెండాలుండయి, నినాదాలుండయి సార్. ఏమన్న గడ్‌బడ్ అయితే నా జిమ్మేదారి. మళ్ల అడగం" అందామె.

చిన్న గొడవ జరిగినా ఇదే ఆఖరని చెప్పి ఆయన ఒప్పుకున్నారు. తర్వాత ఆమె నా దగ్గరికొచ్చి, "మూర్తి సార్, ముంగట జర లైట్లు పెట్టియ్యున్రి" అంది. లైట్లు, మంచినీళ్లు, బతుకమ్మ కింద పీట, అన్నీ దగ్గరుండి చూశాను. అద్దాల గోడకున్న నా పెట్టె సంగతి తట్టనే లేదు. ఇన్నేళ్లు హైదరాబాదులో ఉండి కూడా, బతుకమ్మ ఆడేచోట ఒక్కసారి నిలబడి విన్న పాపాన పోలేదు.

ఆడవాళ్లంతా గుండ్రంగా తిరుగుతూ పాట అందుకున్నారు. ప్రతి చరణానికీ అందరూ ఒకేసారి వంగి చప్పట్లు కొట్టారు. పాట వేగం పెరిగింది. చప్పట్లూ పెరిగాయి. సైరన్ కూసింది.

పోలీసులు లాఠీలెత్తి లోపలికి పరుగెత్తుకొచ్చారు. "ఎవలు రాళ్లేసింది? జరుగున్రి!" అని కేకలు. ఆడవాళ్లు చెల్లాచెదురయ్యారు. ఎవరి బూటో తగిలి బతుకమ్మ ఒరిగిపోయింది. సుజాత దాని ముందు చేతులు చాపి నిలబడి, "రాళ్లేంది సార్? మేం ఆడుకుంటున్నం!" అని అరిచింది. నేను ఉరికి పెట్టె తీగలు పీకేశాను.

"నాదండీ. తప్పు ఈ పెట్టెది" అన్నాను.

తీగలు వేలాడుతున్న ఫోన్‌నీ నన్నూ ఎస్సై మార్చి మార్చి చూశాడు. "పెద్దమనిషివి, గిదేం పని సార్?" అన్నాడు. అందరి ముందూ తల కొట్టేసినట్టయింది.

జరిగింది జరిగినట్టు అడ్మిన్ హెడ్‌కు చెప్పాను. సుజాత తప్పేమీ లేదని బతిమాలాను. ఆయన నమ్మారు. అయినా ఆవరణలోకి పోలీసులు రావడమంటే గొడవే కాబట్టి ఇకమీదట బతుకమ్మకు అనుమతి లేదన్నారు. అలారం మాత్రం తీయొద్దు, సరిచేసి పెట్టమన్నారు. తప్పుగా మోగిన పెట్టెకు ఇంకో అవకాశం దొరికింది, సుజాతకు దొరకలేదు. పెట్టెను నేనే విప్పి పారేశాను. దానివల్ల ఆమెకు ఒరిగిందేమీ లేదు.

క్షమాపణ చెప్పడానికి ఆమె సీటు దగ్గరికి వెళ్లాను.

"పెట్టేముందు పరీక్ష చేయలేదా సార్?" అని అడిగింది.

చేశానన్నాను.

"దేంతోని?"

"రాళ్లతో."

"ఇంతమందిమి గీ బిల్డింగ్‌లనే పనిచేస్తున్నం గద సార్. మేం యాదికే రాలేదా?"



ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ పరికరం బిగించినా, దాని ముందు రోజూ మసిలే మనుషులను పిలిచి, వాళ్లు చేసే పనులు వాళ్లచేతే చేయించి చూశాకే స్విచ్ వేశాను. రాయి వేసేవాణ్ని ఊహించుకోవడానికి నాకు క్షణం పట్టలేదు. ఆ సర్క్యూట్‌లో ఏ లోపమూ లేదు. దాన్ని తయారుచేసిన మనిషికి తనతోపాటు ఆ భవనంలో ఎవరున్నారో తెలియదు, అంతే.