పసరు తాగిన మాట నిజమే

దిల్‌సుఖ్‌నగర్‌లోని ఒక నర్సింగ్ హోమ్‌లో అమ్మకు పిత్తాశయం తీసేశారు. చిన్న రంధ్రాల ఆపరేషనే కాబట్టి త్వరగా ఇంటికి పంపారు. ఎల్బీనగర్‌లోని మా ఇంటికి వచ్చిన కొన్నాళ్లకే ఒళ్లంతా దురద మొదలైంది, తర్వాత కళ్లు పచ్చబడ్డాయి. ఆ రోజు తెలంగాణ బంద్. సర్జన్‌కు ఫోన్ చేసి కళ్ల సంగతి చెప్పాను.

"గ్యాస్ బాబూ, తగ్గిపోతుంది," అన్నాడు.

రిలే దీక్ష టెంట్ నుంచి మా మేనమామ వచ్చాడు. అమ్మ కనురెప్ప కిందికి లాగి చూశాడు.

"గ్యాస్ ఏంది? ఇవి పసిరికలు, గవే కామెర్లు. అల్మాస్‌గూడల పసరు పోస్తరు, పా అక్కా."

మెడలో ఉద్యమ కండువా ఉంది కాబట్టి ఆయన బండిని ఎవరూ ఆపలేదు. అమ్మ ఆకుపసరు తాగి వచ్చింది. తగ్గకపోగా జ్వరం కూడా మొదలైంది. మరో ఆసుపత్రిలో పొట్ట తెరిచి చూస్తే, పిత్తాశయం గొట్టానికి వేయాల్సిన క్లిప్ పేగులోకి పైత్యరసం వెళ్లే అసలు నాళానికి పడి, దాన్ని మూసేసి ఉంది. అమ్మ బతికింది. నేను వినియోగదారుల ఫోరంలో కేసు వేశాను.

నర్సింగ్ హోమ్ వాళ్లు ఫోన్ సంగతే తెలియదన్నారు. రోగి బాగానే ఇంటికి వెళ్లిందని, నాటుమందు తాగి కామెర్లు తెచ్చుకుందని జవాబు దాఖలు చేశారు.

గుంటూరు నుంచి వచ్చి స్థిరపడిన మా వకీలు ఒక్కటే చెప్పాడు. "పసరు తాగలేదని చెప్పేయండి బాబూ. ఒప్పుకున్నారంటే కేసు పోయినట్టే."

నేను చదివింది ఇంజనీరింగ్. యంత్రం చెడితే ముందు ఏది జరిగింది, తర్వాత ఏది జరిగింది అని వెతకడం నేర్పారు. ఆపరేషన్, దురద, పచ్చ కళ్లు, పసరు. ఈ వరసలో పసరు చివరిది. కళ్లు పచ్చబడకుండా పసరు కోసం ఎవరూ పోరు. దాన్ని దాచిపెడితే, పచ్చ కళ్లు ముందే ఉన్నాయని చెప్పే దారి కూడా మూసుకుపోతుంది. వకీలుతో చాలాసేపు వాదించాను. చివరికి, "మీ ఇష్టం, తర్వాత నన్ననకండి," అన్నాడు.

కానీ సాక్ష్యం చెప్పాల్సింది మామ.

"ఆకుపసరు పోయించినోడని టెంట్ల నన్ను ఆడుకుంటరు రా అల్లుడా," అన్నాడు.

అమ్మ మంచం మీద నుంచే అందుకుంది. "రాష్ట్రం తెస్తనంటవు, ఫోరంల నోరు తెరువనికి సిగ్గయితాందా? కోసింది నా కడుపు రా. నిజం చెప్పి ఓడినా సరే, అబద్ధం జెప్పి గెలుసుడు నాకొద్దు."

మామ వచ్చాడు. కండువా మాత్రం ఇంట్లోనే వదిలేశాడు.

"నాటువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లింది మీరేనా?" నర్సింగ్ హోమ్ తరఫు వకీలు గొంతు పెంచి అడిగాడు.

"నేనే సార్."

"అంటే ఆమె పసరు తాగింది!"

"తాగింది సార్. కండ్లు పచ్చగైనయని తాగిపిచ్చిన. ఆపరేషన్‌కు పోయిననాడు మంచిగనే ఉండె ఆ కండ్లు. మల్ల ఇంటికొచ్చినంక పచ్చగెట్లయినయో, డాక్టర్ సార్‌ను అడుగుండ్రి."

అవతలి వకీలు కాగితాలు తిరగేయడం మొదలుపెట్టాడు. మా వకీలు లేచి, ఆ జవాబును ఉన్నదున్నట్టు నమోదు చేయమని ఫోరంను కోరాడు.