బావ కారు, అక్క సీటు

మా బావ కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. ముందు గదిలో ఫ్రేములు అమ్మేవాళ్ళు, కళ్ళు పరీక్ష చేసే డాక్టరు, అద్దం ముందు మొహం అటూ ఇటూ తిప్పి చూసుకునే జనం ఉంటారు. వెనక గదిలో యంత్రం ముందు, స్టూలు మీద మా బావ ఉంటాడు. అద్దాల పొడి పడి చొక్కా చేతులు ఎప్పుడూ తెల్లగానే ఉంటాయి. వెంట్రుకవాసి తేడా వచ్చినా ఆ అద్దం పక్కన పడేసి మళ్ళీ మొదలుపెడతాడు. కొత్త జోడు ఎవరికిచ్చినా, పెట్టుకుని దుకాణం మెట్లు దిగి ఎక్కమంటాడు. "నేను చేశాను కాబట్టి బాగుందని నేనంటే ఎలా? నడిచేది మీరు కదా!" అంటాడు. ఇంత బుద్ధిమంతుడూ తన కారు దగ్గరకొచ్చేసరికి చిన్నపిల్లాడైపోతాడు. అదే నా బాధ.

కారు బుల్లిది. నలుగురు కూర్చున్నాక ఐదో మనిషి ఎక్కాలంటే మిగతావాళ్ళు ఊపిరి బిగబట్టాలి. ఎవరో వాడి వదిలేసినదాన్ని కొని, సొంత బిడ్డలా చూసుకుంటున్నాడు. స్టీరింగు మాత్రం ఇంకొకరి చేతికివ్వడు. నేను స్కూలు బస్సు నడుపుతాను. ఊళ్ళో సగంమంది తల్లులు నన్ను నమ్మి పిల్లల్ని ఎక్కిస్తారు. మా బావ మాత్రం తాళం ఇవ్వడు. "బస్సు వేరు, కారు వేరు మరదలా" అంటాడు. ఏమిటా వేరు అని అడిగితే తుడుపుగుడ్డ తీసుకుని బానెట్టు తుడవడం మొదలుపెడతాడు.

ఇక మా అక్క. ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. రైలెక్కితే మహారాణిలా కూర్చుంటుంది కానీ కారెక్కితే రెండో మలుపుకే మొహం పాలిపోతుంది. మూడో మలుపుకి తల బయట పెడుతుంది. బస్సైనా అంతే. పెళ్ళైన కొత్తలోనే ఈ సంగతి తేలిపోయింది కాబట్టి అక్కకి కారు పడదని అందరం ఒప్పేసుకుని, దాని గురించి మాట్లాడుకోవడం కూడా మానేశాం.

కానీ వాళ్ళ ఒక్కగానొక్క కూతురు కొండకి అవతలి ఊళ్ళో ఆసుపత్రిలో నర్సు. అక్కడికి రైలు లేదు. ఉన్నదొక్కటే కొండ దారి, అదీ మెలికలు మెలికలు. సెలవు దొరికినప్పుడల్లా బావ ఒక్కడే వెళ్ళొస్తాడు. పిల్ల అద్దెకి ఇల్లు తీసుకుని ఏళ్ళు గడిచినా అక్క ఆ గడప తొక్కలేదు. ఫోన్లో చూస్తూ "ఆ గిన్నె ఇటు పెట్టవే, పొయ్యికి దూరమైపోతోంది" అని కాపురం దిద్దుతుంది. చూడని కిటికీలకి కొలతలడిగి కర్టెన్లు కుట్టి పంపితే, అవి జానెడు పొట్టివయ్యాయి. పిల్ల నవ్వింది. అక్క కూడా నవ్వింది.

ఫోను పెట్టేశాక మాత్రం మిషను ముందు చాలాసేపు ఊరికే కూర్చుంది. "నా కూతురు పొద్దున్నే లేచి ఏ కిటికీలోంచి బయటికి చూస్తుందో కూడా నాకు తెలీదే" అంది నాతో. హాల్లో పేపరు చదువుతున్న బావ ఆ మాట విన్నాడు. ఆ తర్వాత ఎంతసేపైనా ఆయన పేజీ తిప్పలేదు.

మర్నాడే మొదలైంది బావ పట్టు. "తప్పు మీ అక్క కడుపుది కాదు మరదలా, కారుది. మలుపులో ఒక పక్కకి ఒరిగిపోతోంది. ఆ ఊగుడు ఆపేశామనుకో, కడుపెందుకు తిప్పుతుంది?" అన్నాడు. వినడానికి బాగానే ఉంది. నన్ను వెంటబెట్టుకుని మెకానిక్కు దగ్గరికి వెళ్ళాడు.

మెకానిక్కు మంచివాడే కానీ కుర్రకారు ఎక్కువగా వచ్చే షెడ్డు అది. అందరికీ కావలసింది నేలకి ఆనుకుని రయ్యిమని పోయే బండి. స్ప్రింగు బరువు మోస్తుందనీ, షాకు ఆ స్ప్రింగు ఊపుని అదుపు చేస్తుందనీ బావకి వివరంగా చెప్పి, పొట్టి స్ప్రింగులు, బిర్రు షాకులు, పెద్ద చక్రాలు, వాటికి అంచున పల్చగా రబ్బరుండే వెడల్పు టైర్లు వేయించుకోమన్నాడు. "కారు కదలదు సార్, రోడ్డుకి అతుక్కుపోతుంది" అన్నాడు. బావ మొహం చేటంత అయింది.

నిజంగానే కారు అతుక్కుపోయింది. బావ మలుపుల్లో రెచ్చిపోయాడు. "చూశావా, ఇసుమంత కూడా ఒరగలేదు!" అంటాడు. వెనక సీట్లో నా పళ్ళు టకటకలాడుతున్నాయి. రోడ్డు మీద అగ్గిపుల్ల పడున్నా నా వెన్నుపూసకి తెలుస్తోంది. ఆ మాటే అన్నాను. "బస్సు మెత్తదనానికి అలవాటుపడ్డావు" అని కొట్టిపారేశాడు.

ఆ ఆదివారమే అక్కని ఎక్కించాడు. పాపం, అక్క చీర కొంగు నడుముకి చుట్టి, యుద్ధానికి వెళ్తున్నట్టు కూర్చుంది. కొండ మొదలైందో లేదో, "ఆపండి ఆపండి" అంది. రోడ్డు పక్కన నేను అక్క తల పట్టుకున్నాను, బావ నీళ్ళ సీసా పట్టుకున్నాడు. కాస్త తేరుకున్నాక అక్క, "ఇదివరకు ఊగేది, ఇప్పుడు కుదేస్తోంది. ఇక నన్నొదిలేయండి. నేను లేకుండా మీరు వెళ్ళొస్తూనే ఉన్నారు కదా, అలాగే వెళ్ళొస్తూ ఉండండి" అంది. కోపంగా అన్నా బాగుండేది. నెమ్మదిగా అంది. బావ కారు వెనక్కి తిప్పాడు.

తర్వాత ఆయన కారు తుడవడం మానేశాడు. అది చూసి నాకు భయమేసింది.

ఇలా ఉండగా బావకి తలనొప్పి పట్టుకుంది. సొంత దుకాణంలో డాక్టరే కంట్లో చుక్కలు వేసి పరీక్ష చేశాడు. ఇంక సాయంత్రం దాకా అంతా మసకే. వీధిలోకి వస్తే ఎండ పొడుస్తోంది. బండి నడిపే ప్రశ్నే లేదు. గత్యంతరం లేక నాకు ఫోను చేశాడు. పిల్లల్ని దింపేసి నేరుగా వెళ్ళాను. తాళం నా చేతిలో పెట్టాడు కానీ వేళ్ళు వదల్లేదు. "వదులు బావా, తిరిగిచ్చేస్తాలే" అంటే వదిలాడు.

అలా మా బావ తన కారులో మొదటిసారి పక్క సీట్లో కూర్చున్నాడు.

వీధి చివర మ్యాన్‌హోలు మూత మీదుగా వెళ్ళగానే ఎగిరిపడ్డాడు. "ఇక్కడింత కుదుపుందా?"

"నువ్వు రోజూ వెళ్ళే దారే ఇది."

"స్టీరింగు దగ్గర ఇంత తెలీదే!"

"ఈ సీట్లో ఎప్పుడైనా కూర్చున్నావా బావా?"

"నా కారులో నేనెందుకు పక్కన కూర్చుంటాను?" అని, అన్నాక తనే గతుక్కుమన్నాడు.

ఊరుకుంటే నేను నేనే కాదు. "ఇప్పటిదాకా నాలా నడిపాను. ఇక నీలా నడుపుతాను, చూడు" అన్నాను. పార్కు చుట్టూ ఉన్న వంకర దారిలోకి తిప్పాను. మలుపు దాకా వేగంగా వెళ్ళడం, మలుపులోకి దిగాక బ్రేకు నొక్కడం, మధ్యలో స్టీరింగు చటుక్కున సర్దడం, బయటపడగానే మళ్ళీ ఒక్క తొక్కు తొక్కడం. ముమ్మూర్తులా మా బావే. కళ్ళు సరిగా కనపడక తర్వాతి మలుపు ఎటో ఆయనకి తెలియడం లేదు. తలుపు పిడి పట్టుకున్నాడు. చెమట పట్టింది. "ఆపు మరదలా, దణ్ణం పెడతా" అన్నాడు.

దిగి, కాలిబాట అంచున కూర్చుని తల మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. తలెత్తి అన్నాడు: "స్టీరింగు పట్టుకున్నవాడికి మలుపు ముందే తెలుస్తుంది. ఒళ్ళు సర్దుకుంటుంది. పక్క మనిషికి ఏం తెలుస్తుంది? దుకాణానికొచ్చిన ప్రతివాళ్ళనీ మెట్లు దిగి ఎక్కమంటాను. మీ అక్కని ఒక్కసారైనా ఎలా ఉందని అడిగానా?" నా నాలుక చివర మంచి మాటొకటి సిద్ధంగా ఉంది కానీ, ఆయన మొహం చూసి మింగేశాను.

ఇంటికెళ్ళగానే చెప్పులు కూడా విప్పకుండా మిషను దగ్గరికి వెళ్ళాడు. "ఇన్నేళ్ళూ నిన్ను నేనిలా తిప్పానా?" అన్నాడు.

అక్క తలెత్తి చూసి కంగారుపడింది. "అయ్యో, ఏడుస్తున్నారా?"

"చుక్కలేశారే" అన్నాడు బావ.

మళ్ళీ మెకానిక్కు దగ్గరికి వెళ్ళాం. ఈసారి బావ సరాసరి పక్క సీట్లోంచి దిగడం చూసి అతను నోరెళ్ళబెట్టాడు. పొట్టి స్ప్రింగులు తీసేయమంటే అతనికి మనసొప్పలేదు. "వెనక్కి వెళ్తున్నారు సార్" అన్నాడు. "వెనక్కి కాదయ్యా, పక్కకి వెళ్తున్నాను" అన్నాడు బావ. మూలన పడేసిన పాత షాకుల్ని నొక్కి చూస్తే ప్రాణమే లేదు. నొక్కింది నొక్కినట్టే ఉండిపోతున్నాయి. కారు ఊగడానికి అసలు కారణం అదేనని అప్పుడు తెలిసింది. మెకానిక్కు కూడా తల గోక్కుని, "వీటిని ముందే చూడాల్సింది" అని ఒప్పుకున్నాడు. మామూలు ఎత్తు స్ప్రింగులు, వాటికి తగిన మెత్తటి కొత్త షాకులు వేయించాం. మలుపులో మరీ ఒరగకుండా, ముందు చక్రాల్ని కలిపే అడ్డ కడ్డీ మాత్రం కాస్త లావుది పెట్టమన్నాడు. ఒరుగుడూ తగ్గింది, కుదుపూ పెరగలేదు.

టైర్ల దగ్గర ఇంకా పెద్ద తతంగం. పెద్ద చక్రాలు పోయి పాత చిన్న చక్రాలే వచ్చాయి. వాటికి పక్క గోడ ఎత్తుగా ఉండే టైర్లు పడతాయి, గుంతని ముందు ఆ రబ్బరే మింగుతుంది. బావ ఒక్కో టైరు పక్కనా బొటనవేలితో నొక్కి చూశాడు. పరుగు బండ్ల టైరు రాయిలా ఉంది. ఎక్కువకాలం అరగదని చూపించిన రకం తడి రోడ్డు మీద జారుతుందట. కొండ మీద ఎప్పుడూ జల్లే కాబట్టి అది వద్దన్నాడు. తడిలో పట్టు నిలిచేది, చప్పుడు చేయనిది, పక్కలు మెత్తగా ఉండేది తీసుకున్నాడు. "ఇవి పెద్దవాళ్ళ టైర్లు సార్, బండి అందం పోతుంది" అన్నాడు దుకాణదారు. "మా ఆవిడ బండి అందం బయటి నుంచి చూడదులే, లోపలే కూర్చుంటుంది" అన్నాడు బావ. గాలి కూడా తలుపు అంచున కంపెనీవాళ్ళు అంటించిన కాగితంలో ఉన్నంతే పట్టించాడు.

రోజూ సాయంత్రం నేను నడపడం, ఆయన కళ్ళు మూసుకుని పక్కన కూర్చుని "ఇప్పుడు బ్రేకు ఆలస్యమైంది", "ఇది బాగుంది" అనడం. ఆ తర్వాత ఆయన నడపడం, నేను కళ్ళు మూసుకుని తిట్టడం. మలుపుకి ముందే వేగం తగ్గించడం నేర్చుకున్నాడు. పక్కవాళ్ళకి వినపడేలా "కుడికి... ఇప్పుడు ఎడమకి" అని చెప్పడం కూడా అలవాటు చేసుకున్నాడు. బడిపిల్లాడి కంటే బుద్ధిగా నేర్చుకున్నాడు, అబద్ధమెందుకు. నాకు ఆయన మీద ప్రేమ పొంగిపోయింది. చెప్పలేదనుకోండి. చెబితే నెత్తికెక్కుతాడు.

మళ్ళీ కారెక్కడానికి అక్క సరేనంది. షాకుల గురించీ టైర్ల గురించీ బావ చెప్పిందేదీ చెవిన వేసుకోలేదు. "నా సీట్లో కూర్చుని వచ్చారు కదా, చూద్దాం" అంది, అంతే. ముందు బజారు దాకా వెళ్ళింది, తర్వాత స్టేషను దాకా. ఒకరోజు తెల్లారగానే తనే వచ్చి ముందు సీట్లో కూర్చుని, "కొండకి పోదాం పదండి" అంది. కూతురికి చెప్పొద్దంది. మధ్యలో తిరిగొచ్చేస్తే పిల్ల బాధపడుతుందని.

నేను వెనక కూర్చున్నాను. బావ మలుపు మలుపుకీ "కుడికి... ఎడమకి" అంటూ, గుడ్లు పెట్టిన బుట్ట మోస్తున్నట్టు నడిపాడు. అక్క దూరంగా చూస్తూ కూర్చుంది. సగం దారిలో ఒకచోట పెదాలు బిగించి చెయ్యెత్తింది. బావ ఆపాడు. ముగ్గురం దిగాం. అక్క గాలి పీల్చుకుంటూ కాసేపు అటూ ఇటూ నడిచింది. వెనక్కి పోదామా అని అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. అక్క వచ్చి తలుపు తీసుకుని తన సీట్లో కూర్చుంది. "ఊఁ, పోనివ్వండి" అంది.

పిల్ల ఇల్లు మేడ మీద. కారు చప్పుడు గుర్తుపట్టి మెట్ల మీదుగా దిగుతోంది. రాత్రి డ్యూటీ చేసి వచ్చిందేమో, జుట్టంతా రేగిపోయి ఉంది. బావ అప్పటికే దిగి డిక్కీ దగ్గర నిలబడ్డాడు. "ఏంటి నాన్నా, చెప్పాపెట్టకుండా వచ్చావు! అమ్మ ఏం పంపింది?" అంది ఆవలిస్తూ.

బావ ఏదో చెప్పబోయాడు.

అంతలో కారు ముందు తలుపు తెరుచుకుంది. "ఏమీ పంపలేదే. ఉత్త చేతుల్తో వచ్చాను" అంది అక్క.

పిల్ల ఉన్న మెట్టు మీదే కూలబడి, రెండు చేతుల్లో మొహం దాచుకుంది. అక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ మెట్లెక్కి, దాని భుజం పట్టుకుని లేపింది.

"ముందు ఇల్లు చూపించు. తర్వాత ఏడుద్దువుగాని" అంది.