కంప్యూటర్ ఆపినా ఆగని గొంతు

అది 2022 నవంబరు. హానోవర్‌లో ఒక చిన్న కంప్యూటర్ రిపేరు షాపులో పనిచేస్తున్నాను. ఒంగోలు నుంచి మాస్టర్స్ చదవడానికి వచ్చినదాన్ని, చదువుకునే రోజుల్లో పార్ట్‌టైమ్‌గా చేరిన ఆ షాపులోనే చదువయ్యాక కూడా ఉండిపోయాను. చేత్తో చేసే పని నాకు నచ్చింది. అందులోనూ చప్పుళ్ళ కేసులంటే మరీ ఇష్టం.

డెస్క్‌టాప్ చేసే చప్పుళ్ళు నిజానికి తక్కువే. ఫ్యాన్ బేరింగ్ అరిగితే గరగరమంటుంది. పాత రకం హార్డ్ డిస్క్ పాడవుతుంటే లోపల ఎవరో గోటితో కొట్టినట్టు టిక్కు టిక్కుమంటుంది. కాయిల్ వైన్ అని ఒకటుంది. కరెంటును సర్దుబాటు చేసే తీగచుట్టలు, కంప్యూటర్‌కు పని ఎక్కువైనప్పుడు దోమలా సన్నగా కూస్తాయి. చెవి అలవాటుపడితే మూత తీయకుండానే సగం సంగతి తెలిసిపోతుంది. మాట్లాడే కంప్యూటర్ మాత్రం అంతకుముందు నా బల్ల మీదకు రాలేదు.

దాన్ని తెచ్చింది ప్రభాకర్. వోల్ఫ్స్‌బర్గ్‌లో కార్ల సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. నల్గొండ అబ్బాయి. నెలకోసారి హానోవర్‌లో జరిగే తెలుగు ప్రార్థన కూడికలో అతనూ, భార్య సునీతా, ఆరేళ్ళ పాప హన్నా నాకు పరిచయం. ఒక శనివారం కారులో కంప్యూటర్ పెట్టె ఒక్కటీ తీసుకొచ్చి బల్ల మీద పెట్టాడు.

"హ్యాకర్ పని అనుకుంటున్న అక్కా. విండోస్ మొత్తం తీసేసి మల్ల వేసిన. అయినా ఆగుతలేదు."

"ఏం శబ్దం వస్తోంది?"

అతను కాస్త ఇబ్బందిపడ్డాడు. "నేను ఆఫీసునుంచి వచ్చేసరికి ఏం ఉండదు. సునీతకు, పాపకే వినబడుతది. ఎవరో మగమనిషి గొంతట. మేం రాకముందు ఆ ఇంట్లో ఒక ముసలామె సచ్చిపోయిందని ఎవరో చెప్పిన్రు. అప్పటిసంది సునీత ఆ రూములకు పోతలేదు. ఇల్లు ఖాళీ చేద్దామంటది. మా ఊళ్ళ ఇంకో ఇల్లు ఏడ దొరుకుతది?"

మూత తీసి చూశాను. అందులో హార్డ్ డిస్కే లేదు, ఉన్నది కదిలే భాగాలేవీ లేని ఎస్‌ఎస్‌డీ. ఫ్యాన్లు శుభ్రంగా ఉన్నాయి. వైరస్ లేదు, ఎవరూ దొంగచాటుగా చొరబడిన జాడ లేదు. రోజంతా నడిపించాను. ఒక్క మాట కాదు కదా, చిన్న చిటపట కూడా లేదు. ఏ లోపమూ లేదని చెప్పి పంపించేశాను.

తర్వాతి వారం సునీత ఫోను చేసింది. ఆమె గొంతు గుర్తుపట్టలేనంతగా మారిపోయింది.

"అక్కా, నేను పిచ్చిదాన్ని కాదు. బంద్ చేసినంక గూడ మాట్లాడుతుంది. ప్లగ్గు పీకేసిన, అయినా మాట్లాడుతుంది. నువ్వొక్కసారి వచ్చి విను. నీకు వినబడకపోతే డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంట."

ప్లగ్గు పీకిన యంత్రం మాట్లాడదు. ఆ సంగతి నాకు ఎంత బాగా తెలిసినా, రైల్లో వోల్ఫ్స్‌బర్గ్ వెళ్తున్నంతసేపూ ఆ మాటే చెవుల్లో తిరిగింది.

వాళ్ళది పాత అపార్ట్‌మెంటులో రెండో అంతస్తు. నేను వెళ్ళేసరికి మధ్యాహ్నం వాలిపోతోంది. నవంబరులో ఇక్కడ నాలుగు దాటగానే చీకటి కమ్ముకొస్తుంది. సునీత నన్ను గది గుమ్మం దాకా తీసుకెళ్ళి అక్కడే ఆగిపోయింది. తలుపు వారగా ఒక చిన్న కుర్చీలో హన్నా కూర్చుని రంగులు వేసుకుంటోంది. లోపల బల్ల మీద మానిటరు, దానికి అటూ ఇటూ రెండు స్పీకర్లు. కిటికీ బయట ఆకులు రాలిన చెట్లు, తడి ఆకాశం. కంప్యూటర్ ఆఫ్‌లో ఉంది, ప్లగ్గు నేల మీద పడివుంది.

"ఈ టైముకే వస్తది," అంది సునీత గుసగుసగా.

కూర్చున్నాను. ఇంట్లో హీటర్ గొట్టాల చప్పుడు తప్ప ఏమీ లేదు. కాసేపటికి ఎడమవైపు స్పీకరులోంచి 'టప్' అని చిన్న చప్పుడు వచ్చింది. తర్వాత ఒక క్షణం ఏదో గది తలుపు తెరిచినట్టు నిశ్శబ్దం మారింది. ఆ నిశ్శబ్దంలోంచి ఒక మగ గొంతు మాట్లాడింది. నీళ్ళ అడుగునుంచి వస్తున్నట్టు, బరువుగా, మెల్లగా. మాటలు నాకు విడిగా అందలేదు. మళ్ళీ 'టప్'. అంతే.

నాకూ భయమేసింది. ఆ మాట దాచడంలో అర్థం లేదు.

"విన్నవా?" అంది సునీత. ఆమె కళ్ళలో భయంతో పాటు ఏదో ఊరట కూడా కనిపించింది.

హన్నా రంగు పెన్సిలు ఆపకుండానే అంది: "ఇస్ట్ డా నోఖ్ యేమాంట్?"

"ఏంటమ్మా?"

"ఆయన అదే అడుగుతడు. రోజూ. ఇంకా ఎవరైనా ఉన్నారా అని."

సునీతకు జర్మన్ ఇంకా అంతగా రాదు, పైగా భయంతో చెవులు మూసుకునేది. ఆ గొంతు అంటున్నదేమిటో ఇంట్లో పాపకొక్కదానికే తెలుసు, పాపను మాత్రం ఎవరూ అడగలేదు.

దెయ్యమైనా కాకపోయినా పని పద్ధతి ఒకటే. ఒక్కొక్కటీ తీసేస్తూ పోవాలి. కంప్యూటర్‌కు కరెంటు లేదు కాబట్టి అది ఇందులో లేనట్టే. స్పీకర్లకు మాత్రం గోడలోని ఇంకో ప్లగ్గు ఉంది, వాటి చిన్న దీపం వెలుగుతోంది. ప్రభాకర్ షాపుకు తెచ్చింది పెట్టె ఒక్కటే అని అప్పుడు గుర్తొచ్చింది. గొంతు మళ్ళీ వచ్చినప్పుడు స్పీకర్ తీగను చేత్తో పట్టుకుని అటూ ఇటూ కదిపాను. గొంతు పెద్దదైంది, చిన్నదైంది. తీగ యాంటెనాలా పనిచేస్తోంది. గట్టి రేడియో సిగ్నల్ మరీ దగ్గర్లో ఉంటే, చవకరకం స్పీకర్లు దాన్ని పట్టుకుని తమకు తెలియకుండానే రేడియోలుగా మారిపోతాయి. టప్‌మనేది ఎవరో మైకు బటన్ నొక్కిన చప్పుడు, రెండో టప్ వదిలిన చప్పుడు.

బాల్కనీలోకి వెళ్ళి తల పైకెత్తాను. సరిగ్గా పై అంతస్తు బాల్కనీ కమ్మీకి ఒక పొడవాటి సన్నని కడ్డీ కట్టి ఉంది. లారీ డ్రైవర్లు దారిలో ఒకరితో ఒకరు మాట్లాడుకోవడానికి వాడే సీబీ రేడియో యాంటెనా.

"పైన ఎవరుంటారు?"

"హెర్ కెస్లర్ అని ఒక పెద్దాయన. ఒక్కడే ఉంటడు. మెట్ల మీద కనబడితే హలో అంటడు, అంతే."

సునీత గోడకు ఆనుకుని అట్లాగే కిందికి జారి కూర్చుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "మనిషేనా అక్కా? బతికున్న మనిషేనా?"

టీ పెట్టింది. నేను బ్యాగులోంచి ఫెరైట్ రింగులు తీశాను. తీగ చుట్టూ బిగిస్తే ఇలాంటి సిగ్నల్‌ను అడ్డుకునే నల్లటి బిళ్ళలవి. బిగించేముందు ఒకసారి, బిగించాక ఒకసారి విని పోల్చాలి. అందుకని ఆయన మళ్ళీ మాట్లాడేదాకా ఆగుదామన్నాను. సునీత మొదటిసారి ఆ గదిలోకి వచ్చి కప్పు చేత్తో పట్టుకుని నా పక్కన నిలబడింది.

'టప్.'

"హలో," అంది గొంతు. "ఇస్ట్ డా..."

అక్కడ ఆగింది. ఏదో బరువైనది నేలకు తగిలిన చప్పుడు. ఏదో దొర్లింది. ఆ తర్వాత రెండో టప్ కోసం ఎదురుచూశాం. రాలేదు. గది తలుపు తెరిచినట్టుండే ఆ నిశ్శబ్దం అట్లాగే నిలిచిపోయింది. దాని లోపల, స్పీకరుకు చాలా దగ్గరగా, ఎవరో బొంగురుగా ఊపిరి తీసి వదులుతున్నారు.

"వారుమ్ జాగ్ట్ ఎర్ నిష్ట్స్?" అంది హన్నా. ఆయన ఏం మాట్లాడడేం అని.

మైకు బటన్ ఇంకా నొక్కే ఉంది. అంటే మనిషి దాని మీద పడ్డాడు. నేను కప్పు కింద పెట్టి పైకి పరుగెత్తాను. బెల్లు కొట్టాను, తలుపు బాదాను. కింద నుంచి సునీత కేక వినిపించింది.

"అక్కా! నువ్వు తలుపు కొడుతుంటే ఇక్కడ స్పీకర్ల వినబడుతుంది!"

ఇక అనుమానం లేదు. 112కి ఫోను చేశాను. అటునుంచి ఒకావిడ ప్రశాంతంగా అడిగింది, మనిషి కనిపిస్తున్నాడా అని. లేదు, తలుపు తాళం వేసుంది. ఊపిరి తీసుకుంటున్నాడా? చూడకుండా ఎలా చెప్పగలను? ఆ మాట అనబోతూ ఆగి, మెట్ల మీదనుంచి కిందికి వంగాను.

"సునీతా! స్పీకరుకు చెవి పెట్టు! ఊపిరి ఉందా?"

ఇన్నాళ్ళుగా ఆ గది గుమ్మం దాటని మనిషి, స్పీకరును రెండు చేతులతో చెంపకు ఆనించుకుని కూర్చుందని తర్వాత హన్నా చెప్పింది.

"ఉంది! తీస్తుండు!" అని కింద నుంచి అరిచింది. కాసేపటికి, "మెల్లగైంది అక్కా." మళ్ళీ, "తీస్తుండు. ఆగు... ఆగు... ఆ, తీసిండు."

ఆమె తెలుగులో అరిచింది అరిచినట్టే నేను జర్మన్‌లో ఫోనులోకి చెప్పాను. మధ్యలో ఒకసారి ఆమె నుంచి ఏ మాటా రాలేదు. ఆ చీకటి మెట్ల మీద, మూసిన తలుపుకు చెవి ఆనించి నిలబడ్డ నాకు లోపలినుంచి ఏమీ వినిపించలేదు. ఒక అంతస్తు కింద, ఒక ప్లాస్టిక్ డబ్బాలో మాత్రం ఆయన బతికున్నాడో లేడో తెలుస్తోంది. నా ఉద్యోగ జీవితంలో అంత భయపడ్డ క్షణం ఇంకొకటి లేదు. "తీసిండు!" అని కేక వచ్చాక గానీ నేను ఊపిరి పీల్చుకోలేదు.

ఫైర్ సర్వీసు వాళ్ళు వచ్చి తలుపు తెరిచారు. ఆయన బల్ల పక్కన నేల మీద ఉన్నాడు, మైకు భుజం కింద నలిగి ఉంది. మెదడుకు రక్తం అందక పడిపోయాడని తర్వాత తెలిసింది. స్ట్రెచర్ మీద పడుకోబెట్టే ముందు ఒకతను మైకును పక్కకు తీశాడు. కింద స్పీకరులో టప్ అని వినబడి సునీత గట్టిగా ఏడ్చేసిందట, ప్రాణం పోయిందనుకుని.

పోలేదు. డిసెంబరులో వాళ్ళు ముగ్గురూ ఆసుపత్రికి వెళ్తుంటే నన్నూ రమ్మన్నారు. హెర్ కెస్లర్ కుడి చెయ్యి లేవడం లేదు. మాటలు ఒక్కొక్కటిగా వెతుక్కుంటున్నాడు. ముప్ఫై ఏళ్ళకు పైగా లారీ నడిపానని, సాయంత్రం పూట మిత్రులంతా ఒకే ఛానల్లో కలిసేవారని, ఒక్కొక్కరే తగ్గిపోయారని చెప్పాడు. కొన్నేళ్ళుగా జవాబు ఇచ్చినవాళ్ళు లేరట. అలవాటు మానలేక పిలుస్తూనే ఉన్నాడు.

ఎలా తెలిసింది మీకు, అని అడిగాడు. నేను స్పీకర్లూ తీగలూ సిగ్నలూ అంటూ వివరించబోయాను. హన్నా మధ్యలో అడ్డొచ్చి, "నేను రోజూ విన్నాను," అని జర్మన్‌లో చెప్పింది. "మీరు అడిగితే నేను 'యా', ఉన్నాను అనేదాన్ని. మీకే వినబడలేదు."

ఆయన పాపవైపు తల తిప్పాడు. "రోజూనా?" అన్నాడు. తర్వాత ఎడమచేత్తో దుప్పటి ముఖం మీదకు లాక్కున్నాడు. సునీత వెళ్ళి ఆ చెయ్యి పట్టుకుని మంచం అంచున కూర్చుంది. ఒకరి భాష ఒకరికి సరిగా రాదు. నర్సు వచ్చి సమయమైందని చెప్పేదాకా అలాగే కూర్చున్నారు.

మా పనిలో అక్కర్లేని శబ్దాన్ని నాయిస్ అంటాం. దాన్ని కనిపెట్టి తీసేయడమే మా విద్య. ఆ కేసు తర్వాత కూడా తీసేస్తూనే ఉన్నాను, కాకపోతే తొందరపడను. ఎవరైనా చప్పుడు వస్తోందని యంత్రాన్ని తెస్తే, అది ఉండే గది ఎలా ఉంటుందో, చుట్టూ ఎవరుంటారో, ఆ చప్పుడు ఇంట్లో ఎవరెవరికి ఎలా వినిపిస్తోందో ముందు అడుగుతాను. పిల్లలుంటే వాళ్ళనూ అడుగుతాను. కస్టమర్లు కొందరు విచిత్రంగా చూస్తారు. చూడనిస్తాను. ఆ స్పీకర్లు మాత్రం మా షాపు కొలతల ప్రకారం లోపమున్న సరుకే. బాగున్న స్పీకర్లయితే ఆ సాయంత్రం ఏమీ వినేవి కావు.