చీకట్లో మస్తాన్‌బీ అన్న మాట

గురజాల కోర్టు ఎదురుగా ఉన్న టీ హోటల్లో మధ్యాహ్నం పూట టీవీ మోగుతూ ఉంటుంది. హిందీ నాటకాలను తెలుగులోకి మార్చి వేస్తుంటారు. మొన్న నేను టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉండగా తెర మీద ఒక కోడలు అత్తగారితో ఏదో అంటోంది. ఆమె పెదాలు ఆగిపోయాయి. తెలుగు మాట మాత్రం ఇంకో రెండు ముక్కలు సాగి అప్పుడు ఆగింది. హోటల్లో ఎవరూ పట్టించుకోలేదు. నా చేతిలో టీ చల్లారిపోయేదాకా ఆ రెండు ముక్కలే నా చెవిలో ఉన్నాయి. బొమ్మ ఆగిపోయాక మిగిలిన మాట ఎవరిది? ఈ ప్రశ్నకు జవాబు నాకు ముప్పై ఏళ్ళుగా తెలుసు. తెలిసీ ఎక్కడా చెప్పలేదు. మస్తాన్‌బీ అత్త విషయంలో నేను వాయిదా వేస్తూ వచ్చిన ఆ పని ఇప్పుడు చేస్తున్నాను.

అప్పట్లో మేము మాచర్లలో ఉండేవాళ్ళం. నేను బి.ఏ. పూర్తి చేసి, పని దొరక్క, అరుగుల మీద పత్రికలు చదువుతూ కాలం గడుపుతున్నాను. మా వీధి మొత్తానికి టీవీ ఒక్కటే, నాపరాళ్ళ వ్యాపారం చేసే కోటయ్య గారి ఇంట్లో. డాబా మీద కరెంటు స్తంభమంత గొట్టానికి యాంటెన్నా కట్టించారు. ఆదివారం పొద్దున్నే వీధిలో సగం మంది వాళ్ళ ముందు గదిలోకి చేరేవాళ్ళు. గాజు మీద వెలుతురు పడకుండా కిటికీకి రగ్గు కట్టి, తలుపు గడియ వేసేవాళ్ళు. వచ్చేవన్నీ ఢిల్లీ నుంచి వచ్చే హిందీ నాటకాలు. బళ్ళో పాసు మార్కులకు చదువుకున్న హిందీతో మాకు అక్కడక్కడా ఒక మాట అందేది, కథ అందేది కాదు.

అందుకని మస్తాన్‌బీ అత్త కావలసి వచ్చింది. ఆమెది మా ఇంటికి మూడో ఇల్లు. భర్త లారీ మెకానిక్. ఆమె బొంతలు కుట్టేది. ఇళ్ళల్లో పాత చీరలు పోగుచేసి ఇస్తే, పొరలు పొరలుగా పేర్చి, దారం కనిపించనంత సన్నగా కుట్టి ఇచ్చేది. బంధుత్వం ఏమీ లేకపోయినా నాకు ఆమె అత్త, ఆయన మామ. ఇంట్లో వాళ్ళది ఉర్దూ. కోటయ్య గారి కోడలు ఒక ఆదివారం ఆమెను పిలిచి టీవీ పక్కన పీట వేసింది. ఆ రోజు నుంచి ఆ పీట ఆమెదే అయింది. ఒడిలో ఏదో ఒక బొంత ముక్క పెట్టుకుని, సూది ఆపకుండా, తెర మీద మాటను తెలుగులో చెప్పేది. మరీ సంస్కృతం కలిసిన హిందీ మాట వస్తే ఆమె ఆగిపోయేది. అలాంటివి మాకే తెలిసేవి. "ఆత్మగౌరవ్ అంటే ఏంది?" అని ఆమె అడిగితే మేము చెప్పేవాళ్ళం. అలా ఇటు సగం, అటు సగం కలిస్తే మాకు నాటకం పూర్తయ్యేది.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. నాటకంలోని మాట చెప్పేటప్పుడు మొహం టీవీ వైపే ఉండేది. తన అభిప్రాయం చెప్పాలంటే సూది ఆపి, మా వైపు పూర్తిగా తిరిగి చెప్పేది. ఎవరూ ఆమెకు నేర్పలేదు, ఆమె కూడా మాకు వివరించలేదు. రెండు వారాల్లో మా అందరికీ అర్థమైపోయింది. అటు చూస్తే బొమ్మ మాట, ఇటు తిరిగితే మస్తాన్‌బీ మాట. ఆ రెండూ ఆమె నోట ఎన్నడూ కలవలేదు.

నిజం చెప్పాలంటే మేము ఎదురుచూసేది ఆమె ఇటు తిరిగే క్షణం కోసమే. ఒక నాటకంలో పేదింటి పిల్ల చిరిగిన రవికతో ఏడుస్తుంటే అందరి కళ్ళూ తడిశాయి. ఆమె ఇటు తిరిగి, "అది కత్తెరతో చించిన చిరుగు. కష్టం చేసే మనిషి రవిక భుజం మీద చిరగదు, చంక కింద చిరుగుద్ది" అంది. ఇంకోసారి ఒక ఉమ్మడి కుటుంబం నాటకం నెలన్నర నుంచి నడుస్తుంటే, ఆ ఇంట్లో ఒక్క మనిషి కూడా పొయ్యి దగ్గరికి పోలేదని, ఇంతమంది ఏం తిని ఇన్ని తగాదాలు పడుతున్నారని అడిగింది. కోటయ్య గారు నవ్వాపుకోలేక, "బొమ్మ మాట చెప్పమ్మా, కథ పోతంది" అనేవారు. ఎదురింటి కోడలు ఊరికే ఏడుస్తుంటే ఓదార్చి వచ్చినట్టు, అత్త ఒక్కోసారి తల మాత్రం ఊపేది. ఏ దుఃఖానికి కారణం ఉందో, ఏ దుఃఖం అలంకారమో ఆమెకు చూడగానే తెలిసేది.

ఆ మాటలన్నీ నేను రాసుకునేవాణ్ణి. ఒక వారపత్రికలో వీక్షకుల అభిప్రాయాలకు కొంత చోటు ఇచ్చేవాళ్ళు. అక్కడికి పంపాను. వేశారు, మళ్ళీ పంపాను. కింద నా పేరు, ఊరు ఉండేవి. రాసింది పంపే ముందు ఆమె అరుగు మీద కూర్చుని చదివి వినిపించేవాణ్ణి. ఆమెకు తెలుగు చదవడం రాదు. ఎవరి పేరు వేస్తున్నానో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. విని మాత్రం సరిచేసేది. "నేను నచ్చలా అన్నా. దండగ అనలా. అది మార్చు" అనేది. రెండిటికీ పెద్ద తేడా ఏముంది అత్తా అంటే, "నచ్చకపోవటం నా సంగతి. దండగంటే వాళ్ళ సంగతి" అని మళ్ళీ కుట్టు మీదికి వంగేది. నాకు కాలేజీలో ఎవరూ అంత ఓపికగా రాయడం నేర్పలేదు.

కొన్నాళ్ళకు సంపాదకుడి నుంచి కార్డు వచ్చింది. నా అభిప్రాయాలు పాఠకులకు నచ్చుతున్నాయనీ, రెండు నెలల తరువాత ప్రతి వారం అరపేజీ నాకే ఇచ్చే ఆలోచన ఉందనీ రాశాడు. ఆ కార్డు చొక్కా జేబులో పెట్టుకుని ఊరంతా తిరిగాను. ఇంట్లో మా నాన్న నాతో మాట్లాడే తీరు కూడా మారింది.

అదే సమయంలో పదమూడు వారాల నాటకం ఒకటి చివరికి వచ్చింది. అందులో ఒక భర్త అనుమానంతో భార్యను ఇంట్లోంచి పంపేస్తాడు. ఆమె ఎక్కడో చిన్న ఊళ్ళో పంతులమ్మగా కుదురుకుంటుంది. చివరి వారం అతను తప్పు తెలుసుకుని గుర్రబ్బండిలో వచ్చి బడి గేటు దగ్గర నిలబడ్డాడు. ఆమె నల్లబల్ల తుడుస్తున్న గుడ్డ చేత్తో పట్టుకునే బయటికి వచ్చింది. అతను రమ్మన్నాడు. ఆమె నోరు తెరిచింది. కరెంటు పోయింది.

కిటికీకి రగ్గు ఉంది కాబట్టి పట్టపగలే గది చీకటైంది. తలుపు తీస్తే బయట కాచుకున్న వాళ్ళంతా లోపలికి వస్తారని ఎవరూ తీయలేదు. రెండు నిమిషాల్లో వస్తుందిలే అని అలాగే కూర్చున్నాం. పక్కపక్కన ఉన్నవాళ్ళం ఒకరికొకరం కనిపించడం లేదు. ఎవరో, ఆయనెంట పోద్దా పోదా అన్నారు. పీట వైపు నుంచి ఆమె గొంతు వినిపించింది.

"పోదు. ఆ గడప మళ్ళీ తొక్కదు."

కరెంటు వచ్చేసరికి వార్తలు నడుస్తున్నాయి.

ఆ సాయంత్రమే రాసి పంపాను. భర్త ఎదురుగా నిలబడి, నీ గడప మళ్ళీ తొక్కనని ఆ పంతులమ్మ చెప్పిన ముగింపు ఎంత గొప్పగా ఉందో వర్ణించాను. ఆమె అరుగు మీద చదివి వినిపించకుండా పంపిన ఉత్తరం అదొక్కటే. ఎందుకు వినిపించలేదో అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు. వింటే ఆమె ఒప్పుకోదు.

పత్రికలో వచ్చిన పక్షం రోజులకు నాలుగు ఊళ్ళ నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఆ పంతులమ్మ భర్త కాళ్ళకు దణ్ణం పెట్టి బండెక్కి వెళ్ళిపోయిందట. చూడకుండానే రాసే విమర్శకులు కూడా తయారయ్యారని ఒకాయన ఎగతాళి చేశాడు. వాటిని అచ్చువేసి, సంపాదకుడు నాకు రెండో కార్డు రాశాడు. అందులో అరపేజీ ఊసు లేదు. దీనికి నా సంజాయిషీ ఏమిటని మాత్రం ఉంది.

కరెంటు పోయింది, చివర నేను చూడలేదు, బాగుంటుందని రాశాను అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. నేను ఇలా రాశాను: "మా వీధిలో ఉర్దూ తెలిసిన ఒక ముస్లిం స్త్రీ మాకు హిందీ నాటకాలకు అర్థం చెబుతుంటుంది. ఆమె తప్పుగా చెప్పడం వల్ల ఈ పొరపాటు జరిగింది. చింతిస్తున్నాను." అంతకు ముందు ఎన్నో ఉత్తరాల్లో ఆమె మాటలే అచ్చయ్యాయి. వాటిలో ఎక్కడా ఆమె లేదు. ఆమె పత్రికకెక్కింది ఈ మూడు వాక్యాల్లోనే.

కోటయ్య గారి కోడలు ఆ సంచిక చదివి అందరికీ చెప్పింది. ఆ రోజు గదిలో ఉన్నవాళ్ళకు కరెంటు పోయిన సంగతి గుర్తులేక కాదు. అచ్చులో వచ్చింది కాబట్టి ఆమె ఇంతకు ముందు కూడా ఎన్ని కల్పించి చెప్పిందో అన్న అనుమానం వాళ్ళకు పుట్టింది. తరువాతి ఆదివారం ఆమె ఏదో చెబుతుంటే వెనక నుంచి ఒకావిడ, "ఇది టీవీ మాటా, నీ మాటా మస్తానమ్మా?" అంది. అందరూ నవ్వారు. ఆ నవ్వు గదిలోనే ఉండిపోతే బాగుండేది. వీధిలోకి వచ్చింది. బొంతకు తొమ్మిది చీరలు ఇచ్చామని ఒకరు, ఎనిమిదే వచ్చాయని ఆమె. ఎన్నడూ రాని మాట అది. అక్కడా ఎవరో అదే ప్రశ్న అడిగారు, టీవీ మాటా నీ మాటా అని. పాత చీరలు ఇచ్చేవాళ్ళు ఆమె కళ్ళ ముందే రెండుసార్లు లెక్కపెట్టి ఇవ్వడం మొదలుపెట్టారు. ఆ పీట మీద ఆమె మళ్ళీ కూర్చోలేదు.

నేను నాలుగైదు రోజులు ఆ వైపు పోలేదు. చివరికి ఆమే అరుగు మీంచి పిలిచింది. కోపం ఏమీ లేదు. దారం పంటితో తెంపి, నన్ను కూర్చోమంది.

"ఏందిరా ఎంకటేసులూ, నేను తప్పు చెప్పానా?"

"నువ్వు అన్నావు గదత్తా, పోదని."

"అన్నా. టీవీ ఆగిపోయింది గదరా. ఆగిపోయిన టీవీలో నాకేం ఇనబడుద్ది?"

నేను తల వంచుకున్నాను. "సరే పో. నీకా పేజీ వస్తే రానీ. నువ్వు అల్లి రాశావని నేనెవరికీ చెప్పన్లే" అంది. నిజంగానే చెప్పలేదు. చెప్పి ఉంటే వీధి నమ్మేది, నా బతుకు ఇంకోలా ఉండేది.

పేజీ వచ్చింది. మా బడి హిందీ పంతులుగారి పక్కన కూర్చుని నాటకాలు చూసి రాశాను. ఆయన ప్రతి మాటకూ సరైన అర్థం చెప్పేవారు. ఒక్కసారి కూడా ఇటు తిరిగేవారు కాదు. మూడు నెలలకు సంపాదకుడు, రాతలో మునుపటి పదును లేదని మర్యాదగా ఆపేశాడు. అది నా పదును కాదని అతనికి తెలియదు.

కొన్నేళ్ళకు నాకు గురజాల కోర్టులో టైపిస్టు ఉద్యోగం వచ్చింది. చేరే ముందు మిఠాయి తీసుకుని ఆమె ఇంటికి వెళ్ళాను. చెప్పుకోవాలని మాటలు కూడబలుక్కుని వెళ్ళాను. ఆ రోజు నేను రాసింది అని మొదలుపెట్టానో లేదో, ఆమె అడ్డుపడింది.

"నువ్వు రాసింది తప్పే. నేనన్నది మాత్రం తప్పు కాదు."

మళ్ళీ కుట్టు మీదికి వంగి, కళ్ళెత్తకుండా చెప్పింది.

"పెళ్ళైన కొత్తల్లో మీ మామ నన్ను క్రోసూరు మా అమ్మోళ్ళింటికి పంపిచ్చాడు. ఎవరో ఏదో చెప్పారని. మూణ్ణెల్లకొచ్చి రమ్మన్నాడు. పోయా. పోకుండా ఉండాల్సింది అని ఇన్నేళ్ళల్లో ఎవరితో అన్లా. ఆ పూట చీకటి గదా, నా మొహం ఎవరికీ కనపడదు గదా అని పైకన్నా."

మిఠాయి పొట్లం మా మధ్య అలాగే ఉంది. క్షమించమని అడగకుండానే లేచి వచ్చాను. ఆ తరువాత ఆమెను చూడలేదు. పోయిందని రెండేళ్ళ తరువాత ఎవరో బస్సులో చెప్పారు.

నా ఉద్యోగం సాక్షులు చెప్పింది టైపు చేయడం. సాక్షులు తాము చూసిందీ, అలా జరిగి ఉంటుందని అనుకున్నదీ కలిపి చెబుతుంటారు. వేళ్ళు మీటల మీద పెట్టే ముందు నేను వాళ్ళ మొహం వైపు చూస్తాను. అది ఎటు తిరిగి ఉందో చూస్తాను. తేలకపోతే టైపు ఆపి కూర్చుంటాను, జడ్జిగారు మళ్ళీ అడిగేదాకా. నేను నెమ్మదిగా పనిచేస్తానని ఆఫీసులో పేరుంది. కారణం ఎవరికీ చెప్పలేదు.

ఆ వారపత్రిక ఇప్పుడు రావడం లేదు. సవరణ వేసేందుకు అక్కడ ఎవరూ లేరు. అందుకని ఇక్కడ రాస్తున్నాను. ఆ ఆదివారం మస్తాన్‌బీ మాకు తప్పు చెప్పలేదు. కరెంటు పోయింది, తెర మీద బొమ్మ లేదు. ఆమె అన్నది ఆమె మాట.