పూంగావనత్త వడగం బాన

చిత్తిర నెల ఎండలు ముదరగానే పూంగావనత్త వేలి ఉంగరం తీసి బియ్యం డబ్బాలో దాచేది. ఆముదం రాసుకున్న చేతికి ఉంగరం నిలవదు. ఆ వేలు బోసిగా కనబడిందంటే కోసపాళయంలో మా సందులోని పదకొండు ఇళ్లకూ తెలిసిపోయేది, వడగం పెట్టే రోజులు వచ్చాయని.

వడగం అంటే తాలింపు ఉండలు. చిన్న ఉల్లిపాయలు, వెల్లుల్లి కచ్చాపచ్చాగా దంచి, ఆవాలు, మెంతులు, జీలకర్ర, మినప్పప్పు, పసుపు, ఉప్పు కలిపి బానలో ఊరబెడతారు. పగలు ఎండలో పరిచి, పొద్దు వాలాక మళ్లీ బానలోకి ఎత్తుతారు. బాగా ఊరాక ఆముదం చేత్తో ఉండలు చుట్టి, గులకరాళ్లలా గట్టిపడేదాకా ఎండబెడతారు. ఏడాదంతా చేపల పులుసులోకైనా, కారకొళంబు అనే కారం పులుసులోకైనా ఒక్క ఉండ చిదిపి నూనెలో వేస్తే చాలు.

మా సందులో ఎవరికి వాళ్లు పెట్టుకోరు. అందరి ఉల్లిపాయలూ పూంగావనత్త అరుగు మీదికి వస్తాయి, అన్నీ ఒకే బానలో పడతాయి. కలిపేది ఒక్క చెయ్యే. చెయ్యి మారితే వడగం చెడుతుందని నమ్మకం. కలిపే మనిషి రుచి చూడకూడదు. రోజూ పొద్దున్నే ఏమీ తినకముందు మూత తీసి, వంగి వాసన చూడాలి. ఒకరోజు పచ్చి ఉల్లి ఘాటు పోయి, దాని కిందనుంచి వేరే వాసన లేస్తుంది. అప్పుడు అత్త నడుము నిలబెట్టి, "తిరిగింది" అనేది. ఆ మాట కోసమే ఆడవాళ్లు అరుగు మీద కాచుకొని ఉండేవాళ్లు.

అత్త మురుంగపాక్కం నుంచి పందొమ్మిదో ఏట ఈ ఇంటికి కోడలిగా వచ్చింది. భర్త గుణశేఖరన్ మిల్లు కార్మికుడు. అత్తగారు మంచి మాట ఎరగని మనిషి. పదేళ్ల తర్వాత ఒక పొద్దున ఆమె బానను కాలితో ఇటు జరిపి, "ఇంక నువ్వు కలుపు" అన్నదట. ఆ ఇంట్లో తనకు దొరికిన మెప్పు అదొక్కటేనని అత్త నవ్వుతూ చెప్పేది. పిల్లలు లేరు. భర్త పోయాక కూడా ఇల్లు బోసిపోలేదు. కడలూరుకో విళుప్పురానికో కాపురానికి వెళ్లిన సందు ఆడపిల్లలు పొయ్యి ముందు నిలబడి ఫోన్ చేసేవాళ్లు.

"అత్తా, చేప ముక్కలు చితికిపోతా ఉండాయి. ఏం చేసేది?"

"గరిటె పెట్టి కెలికితివా?"

"ఔను."

"అది నీ మొగుడనుకొంటివా, కెలికేదానికి? సట్టిని రెండు పక్కలా పట్టుకొని ఊపు మే!"

అమ్మకు జబ్బు చేయడంతో నా చదువు తొమ్మిదో తరగతిలో ఆగిపోయింది. ఇంటి పని అయ్యాక నేను అత్త వంటింట్లోనే ఉండేదాన్ని. నలుగురి ముందు నాకు నోరు పెగలదు. అత్త ఎప్పుడూ మాట్లాడమని బలవంతపెట్టలేదు. వెల్లుల్లి ఒలవమని ముందు పెట్టేది, అంతే.

రెండేళ్ల కిందట అత్తకు పది రోజులు జ్వరం వచ్చింది. తగ్గిన వారానికి నేను వెళ్లేసరికి పొయ్యి మీద పప్పు నల్లగా మాడుతోంది. అత్త దాని పక్కనే కూర్చుని మునగాకు దూస్తోంది.

"అత్తా, పప్పు!"

ఆమె గిన్నెలోకి చూసింది. తర్వాత నా వైపు చూసింది. స్టవ్ కట్టేసి గిన్నె దించింది.

"జరం పోతా పోతా వాసన గూడా ఎత్తుకొని పాయ, పాపా. ఆస్పత్రిలో అడిగితిని. వస్తే వస్తాది, లేకుంటే లేదన్నారు." వాకిలి వైపు చూసి, "యాడా చెప్పొద్దు. ఈ బాన కోసరం దా వీళ్లు నా గడప తొక్కేది. అది పోతే నేను యెవురికి కావాల?" అంది.

ఆ వేసవిలో ఆమె ముక్కు నేనయ్యాను. పొద్దున్నే మూత తీసి, ముందు ఆమె వంగేది. తర్వాత బాన అంచు తుడిచే నెపంతో నేను వంగేదాన్ని. తలూపితే తిరిగినట్టు. ఊపకపోతే లేదు. ఎవరికీ అనుమానం రాలేదు. వడగం బాగా కుదిరింది. జయప్రియ, అత్త తమ్ముడి కూతురు, రెడ్డియార్‌పాళయం నుంచి వచ్చి రెండు డబ్బాలు పట్టుకుపోయింది.

మరుసటి ఏడాది బాన పెట్టిన నాలుగోరోజు వాన పట్టుకుంది. రెండు రోజులు ఎండ లేదు. ఏడోరోజు పొద్దున ఎండ కాసింది. ఎదురింటి రుక్మణి చిన్నమ్మతో పాటు అయిదారుగురు అరుగు మీద చేరారు. నేను వంగాను. ఉల్లి ఘాటు పోయింది. కానీ అడుగున ఇంకేదో ఉంది. ఆరకుండా మడిచిపెట్టిన తడిగుడ్డ వాసన, సన్నగా.

అత్త కళ్లెత్తి నన్నే చూస్తోంది.

"ఏమే, దీని మూతి బానలోనే అతుక్కొనిపోయిందా?" అంది రుక్మణి చిన్నమ్మ. అందరూ నవ్వారు. "ఏందమ్మా, చెప్పు. నీకు గూడా తెలస్తాదా వాసన? తల్లీ, పెద్ద వంటమనిషి!"

నా మొహం మండిపోయింది. ఆ వాసన నిజమో, నా భయమో తేల్చుకోలేకపోయాను. తల అడ్డంగా ఊపితే ఎందుకని అడుగుతారు. అడిగితే చెప్పాలి. అందరూ నన్నే చూస్తున్నారు. నేను తలూపాను.

"తిరిగింది," అంది అత్త.

ఉండలు చుట్టారు, ఎండబెట్టారు, పదకొండు ఇళ్లకూ పంచారు. ఉండలు ఎండిన పది రోజులూ అత్తకు చెబుదామని వెళ్లి వెల్లుల్లి ఒలిచి వచ్చేదాన్ని. జూన్ మొదట్లో ఒక పొద్దున రుక్మణి చిన్నమ్మ డబ్బా తీసుకొని వచ్చింది. వెనక ఇంకో నలుగురు. పైకి ఉండలు బాగానే ఉన్నాయి. ఒకటి విరిచింది. లోపల బూడిదరంగు బూజు. గడప అవతల నిలబడిన నాకే ఆ కంపు కొట్టింది.

"అక్కా, కోపం చేసుకోవద్దు. ఇది వొకసారి వాసన చూడు."

అత్త ఆ ముక్కను వెలుతురులో చూసి ఉంటే సరిపోయేది. కానీ నలభై ఏళ్ల అలవాటు. సరాసరి ముక్కు దగ్గర పెట్టుకుంది. కళ్లు మూసుకొని నిండుగా పీల్చింది.

"బానే ఉందే," అంది.

రుక్మణి చిన్నమ్మ డబ్బా మూత పెట్టేసింది. అత్త కళ్లు తెరిచి వాళ్ల మొహాలు చూసింది, అప్పుడు చేతిలోని ముక్కను చూసింది. నేను అక్కడే ఉన్నాను. తప్పు నాదని ఒక్క మాట అంటే సరిపోయేది. నోరు రాలేదు.

"పావం," అని ఎవరో మెల్లగా అన్నారు. తిట్టినా బాగుండేది.

ఆ తర్వాత ఆమెను ఎవరూ నొప్పించలేదు. ఎదురుపడితే నవ్వేవాళ్లు, పండగకు పాయసం పంపేవాళ్లు. వంట మాత్రం అడగడం మానేశారు. కడలూరు ఫోన్లు ఆగిపోయాయి. ఈ వేసవిలో ఏ ఇంటివాళ్లూ ఉల్లిపాయలు తేలేదు. అంగడిలో వడగం ప్యాకెట్లు దొరుకుతున్నాయి. జయప్రియ మిక్సీలో ఉల్లి తిప్పి, ఓవెన్‌లో ఎండబెట్టిన వడగం వీడియో తీసి, అత్త కోసం నన్నూ చేర్చిన కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెట్టింది. అందరూ చప్పట్ల బొమ్మలు పెట్టారు. అత్త ఆ వీడియోను నా ఫోన్‌లో రెండుసార్లు చూసి, "మెంతులు ఎక్కువేసింది," అంది. అది గ్రూపులో పెట్టమంటావా అని అడిగాను. వద్దంది.

పోయిన వారం జయప్రియ నాకు ఫోన్ చేసింది. అత్త కొలతలు రాసి పంపమంది. నోట్‌బుక్ తీసుకొని వెళ్లాను. అత్త చాలా చిక్కిపోయింది. ఏం తిన్నా మట్టిలాగే ఉంటోందట. గోడకు ఆనుకొని ఒక్కొక్కటే చెప్పింది. ఉల్లి ఎంత, ఉప్పెంత, ఆముదం ఎప్పుడు. బానలో పెట్టేదాకా వచ్చి ఆగింది.

"ఎన్ని దినాలని రాసేది, అత్తా?"

ఆమె వంటింటి మూల బోర్లించిన బాన వైపు చూస్తూ ఉంది. తర్వాత అడిగింది.

"ఆ పొద్దు బాన్లో యేం వాసన వచ్చె, పాపా?"

ఏడాది పైగా ఆ ప్రశ్న కోసం భయపడుతూనే ఉన్నాను. అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాను. తీరా అడిగేసరికి అది రాలేదు.

"తడిగుడ్డ వాసన, అత్తా."

"అప్పుడే తెలిసెనా?"

"ఔను."

ఆమె తల ఊపింది. కోపం లేదు. చేయి చాచి, నా నోట్‌బుక్ మీద వేలు పెట్టింది. ఉంగరం ఆ వేలికే ఉంది, వదులుగా తిరుగుతోంది.

"రాసుకో. ఆ వాసన వస్తే పారబొయ్యాల."

రాశాను. ఆమె లేచి, ఎప్పట్లా నా ముందు పెట్టిన వెల్లుల్లి గిన్నెను తీసి లోపల పెట్టేసింది.

"రేపట్నించి నువ్వు రావద్దులే."

ఆ కొలతలు జయప్రియకు పంపాను. చాలా బాగున్నాయని జవాబిచ్చింది.

మధ్యాహ్నాలు అప్పుడప్పుడు అత్త ఇంటి నుంచి అన్నం మాడే వాసన వస్తుంది. పరుగెత్తుకొని గడప దాకా వెళ్తాను. "అత్తా, పొయ్యి" అంటాను. లోపల స్టవ్ కట్టేసిన చప్పుడు వినిపిస్తుంది. ఆమె బయటికి రాదు. నేను లోపలికి వెళ్లను.